కారు దిగితేనే కదిలే హైవే

వాషింగ్టన్ నగరానికి దక్షిణంగా, వర్జీనియా రాష్ట్రంలో ఇంటర్‌స్టేట్ 95 హైవే పక్కన వుడ్‌బ్రిడ్జ్ అనే ఊరుంది. అక్కడ హార్నర్ రోడ్డులో ప్రభుత్వం కట్టిన పార్కింగ్ లాట్‌లో 2 వేలకు పైగా కార్లు పడతాయి. అది ఏ దుకాణానిదీ కాదు, ఏ ఆఫీసుదీ కాదు. అయినా పనిరోజుల్లో తెల్లవారకముందే జనం రావడం మొదలవుతుంది. కారు ఆపి తాళం వేసుకుని కొందరు బస్సు దగ్గరికి నడుస్తారు. ఇంకొందరు పక్కనే మరో వరుసలో నిలబడతారు. ఆ వరుస ముందుకు ఎవరిదో కారు వచ్చి ఆగుతుంది. నడిపే మనిషి అద్దం దించి తాను వెళ్లే చోటు చెబుతారు: "పెంటగాన్." వరుసలో ముందున్న ఇద్దరు ఎక్కి కూర్చుంటారు. కారు హైవే మీదికి వెళ్లిపోతుంది. ఆ ముగ్గురికీ ముందు పరిచయం ఉండాల్సిన పని లేదు. ఎవరూ ఎవరికీ డబ్బివ్వరు.

అక్కడివాళ్లు దీన్ని స్లగ్గింగ్ అంటారు. 1970లలో మొదలైంది. ఏ సంస్థా దీన్ని పెట్టలేదు. స్మార్ట్‌ఫోన్లూ యాప్‌లూ రాకముందు నుంచే నడుస్తోంది. అమెరికా లాంటి దేశంలో, ఇంటికి రెండు కార్లున్నచోట, ముక్కూమొహం తెలియని మనిషి కారులో ఎక్కి ఆఫీసుకు వెళ్లడానికి వేలమంది ఎందుకు సిద్ధపడ్డారు? దీనికి జవాబు ఆ లాట్‌లో దొరకదు. లాట్ దాటాక మొదలయ్యే రోడ్డులో ఉంది.

కొంత దూరం సొంత బండి మీద వచ్చి, దాన్ని ఒకచోట వదిలి, మిగతా దూరం పదిమందితో కలిసి వెళ్లడమే పార్క్ అండ్ రైడ్. ఆ మాటకొస్తే మనకిది కొత్త కాదు. సీజన్ టికెట్ మీద తెనాలి నుంచి విజయవాడకు రోజూ ఉద్యోగానికి వెళ్లినవాళ్లు, స్టేషన్ బయట స్టాండులో సైకిలు పెట్టి ప్యాసింజరు ఎక్కినవాళ్లు చేసింది ఇదే. అయితే హైవే పక్కన ఎకరాలకొద్దీ నేల చదును చేసి, తారు పోసి, ఇక్కడ కారు వదిలి వెళ్లండని పిలిస్తే జనం ఎప్పుడు వస్తారు, ఎప్పుడు రారు అన్నది రవాణా శాస్త్రంలో చాలా లోతైన ప్రశ్న. ఇందులో వాహన ప్రవాహం గురించిన భౌతిక శాస్త్రం ఉంది. మనిషి తన కాలాన్ని మనసులో ఎలా తూస్తాడన్న విషయం ఉంది. చివరికి కొంచెం రసాయన శాస్త్రం కూడా ఉంది.

బస్సుకు ఇచ్చిన దారి

వాషింగ్టన్ నుంచి దక్షిణానికి వెళ్లే ఈ రోడ్డులో నగరం దగ్గరి భాగానికి షర్లీ హైవే అని పేరు. వర్జీనియా హైవే కమిషనర్‌గా పనిచేసిన హెన్రీ షర్లీ పేరు అది. 1960లు వచ్చేసరికి శివార్ల నుంచి పెంటగాన్‌కూ, నగరంలోని ప్రభుత్వ కార్యాలయాలకూ వచ్చే కార్లతో ఆ రోడ్డు నిండిపోయింది. దాన్ని విస్తరించేటప్పుడు ఇంజనీర్లు మధ్యలో లేన్లను వేరు చేశారు. ఉదయం అవి ఉత్తరానికి, సాయంత్రం దక్షిణానికి నడుస్తాయి. 1969లో ఆ లేన్లను బస్సులకు మాత్రమే ఇచ్చారు. అమెరికాలో ఒక హైవే మీద బస్సుకు సొంత దారి దొరకడం అప్పటికి చాలా కొత్త.

బస్సులు వేగంగా వెళ్లాయి. కానీ ఒక బస్సుకూ మరో బస్సుకూ మధ్య ఖాళీ తారు కనబడుతుంటే, పక్క లేన్లలో ఆగిపోయి ఉన్నవాళ్లకు కడుపు మండటం సహజం. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. ఆ ఏడాది చివర్లోనే నలుగురు, అంతకుమించి ఎక్కిన కార్లను కూడా ఆ లేన్లలోకి అనుమతించారు. నలుగురు ఉంటే వేగం, ముగ్గురే ఉంటే జామ్. ఆ నాలుగో మనిషి కోసం డ్రైవర్లు వెతకడం మొదలుపెట్టారు. మనుషులు ఎక్కడ దొరుకుతారు? బస్సు స్టాపుల్లో, పార్కింగ్ లాట్లలో. బస్సు కోసం నిలబడ్డవాళ్లను "వస్తారా?" అని అడిగారు. వాళ్లకు టికెట్ డబ్బులు మిగిలాయి, వీళ్లకు సమయం మిగిలింది. స్లగ్గింగ్ అలా పుట్టింది. 1989లో నలుగురి నిబంధనను ముగ్గురికి తగ్గించారు. అప్పటినుంచి ఒక డ్రైవరుకు ఇద్దరు తోడు చాలు.

ఈ చరిత్రలో నన్ను ఆకట్టుకునేది క్రమం. ముందు లేన్ వచ్చింది, తర్వాత జనం చేరారు, ఆ జనం కోసం లాట్లు పెరిగాయి. ఇప్పుడు చాలా నగరాలు ఈ క్రమాన్ని తిరగేసి, ముందు పార్కింగ్ కట్టి, బస్సు సంగతి తర్వాత చూద్దామనుకుంటున్నాయి. అక్కడే దెబ్బ తింటున్నాయి.

ఒక లేన్‌లో ఎంతమంది పడతారు

హైవే మీద మామూలు డ్రైవరు ముందున్న కారుకూ తనకూ మధ్య రెండు సెకన్లకు కాస్త అటూ ఇటూగా ఎడం ఉంచుతాడు. గంటకు 3,600 సెకన్లు. అంటే ఒక లేన్‌లో ఒక చోట నిలబడి లెక్కపెడితే గంటకు సుమారు 2 వేల కార్లు దాటతాయి. ఇది మనిషి కంటి చూపు, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి పట్టే సమయం విధించిన హద్దు. ఎంత ఖరీదైన రోడ్డు వేసినా ఈ అంకె పెద్దగా పెరగదు.

ఈ హద్దు దగ్గరికి చేరినప్పుడు రోడ్డు ప్రవర్తన మారిపోతుంది. ఎడం తగ్గిపోయిన స్థితిలో ఒకరు లేన్ మారతారు. వెనకవాడు బ్రేకు తొక్కుతాడు. అతని వెనకవాడు ఇంకాస్త గట్టిగా తొక్కుతాడు. అలా బ్రేకుల కెరటం ఒకటి పుట్టి, కార్లు ముందుకు పోతుంటే అది వెనక్కి, గంటకు 15 నుంచి 20 కిలోమీటర్ల వేగంతో పాకుతుంది. ప్రమాదం లేదు, మరమ్మతు లేదు, అయినా జామ్ ఎందుకైందో తెలియక మనం విసుక్కునే సందర్భాల్లో చాలావాటికి కారణం ఇదే. ఇంకా దారుణమైన సంగతి ఏమిటంటే, జామ్ ఒకసారి మొదలయ్యాక అందులోంచి బయటపడే కార్లు నెమ్మదిగా వేగం పుంజుకుంటాయి కాబట్టి, రోడ్డు సామర్థ్యమే 5 నుంచి 15 శాతం దాకా పడిపోతుంది. సరిగ్గా ఎక్కువ కార్లు పంపాల్సిన గంటలోనే రోడ్డు తక్కువ కార్లను పంపుతుంది.

కార్ల సంఖ్యకు హద్దు ఉంది కానీ, కారులో మనుషుల సంఖ్యకు ఆ హద్దు లేదు. 2 వేల కార్లలో ఒక్కొక్కరే ఉంటే 2 వేల మంది. ముగ్గురేసి ఉంటే 6 వేలు. ఇక బస్సుల సంగతి చూడాలంటే న్యూజెర్సీకి వెళ్లాలి. అక్కడ లింకన్ టన్నెల్‌కు దారితీసే రోడ్డు మీద 1970 డిసెంబరులో ఒక ఏర్పాటు చేశారు. ఉదయం పూట న్యూయార్క్ నుంచి బయటికి వచ్చే దిశలో రద్దీ తక్కువ కాబట్టి, ఆ వైపు లేన్ ఒకదాన్ని తీసుకుని నగరంలోకి వెళ్లే బస్సులకు ఎదురు దిశలో ఇచ్చారు. పొడవు రెండున్నర మైళ్లే. ఉదయం 6 నుంచి 10 వరకు ఆ ఒక్క లేన్ మీద సుమారు 1,850 బస్సులు, 70 వేల మంది ప్రయాణికులు వెళ్తుండేవారు. అంతమందిని కారుకు ఒకటీ అరా చొప్పున పంపాలంటే అదే 4 గంటలకు దాదాపు 8 లేన్లు కావాలి. అవి టన్నెల్‌లో ఎలాగూ పట్టవు.

ఎడిసన్, ఈస్ట్ బ్రన్స్‌విక్ ప్రాంతాల్లోని తెలుగువాళ్లకు ఈ లేన్ పరిచయమే. న్యూజెర్సీ టర్న్‌పైక్ హైవే దగ్గరి లాట్‌లో కారు పెట్టి, న్యూయార్క్ బస్సెక్కి కునుకు తీసేవాళ్లలో మనవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ కునుకుకు కారణం ఆ రెండున్నర మైళ్లు.

మనసులోని గడియారం

ఇంటి దగ్గర ఎక్కిన కారు ఆఫీసు దాకా వెళ్లగలిగినప్పుడు మధ్యలో దిగడం ఎవరికైనా కష్టమే. రవాణా పరిశోధకులు దశాబ్దాలుగా కొలిచిన విషయం ఒకటుంది. వాహనంలో కూర్చుని గడిపే నిమిషం కన్నా, స్టాపులో ఎదురుచూస్తూ గడిపే నిమిషం మనిషికి దాదాపు రెట్టింపు భారంగా తోస్తుంది. నడిచే నిమిషాలూ అంతే. ఇక ఒక వాహనం దిగి మరొకటి ఎక్కడమన్నదే, నిరీక్షణతో సంబంధం లేకుండా, మరికొన్ని నిమిషాల శిక్షలా లెక్కకు వస్తుంది. కాబట్టి లాట్‌లో 8 నిమిషాలు పోయాయంటే ప్రయాణికుడి మనసులో అవి పావుగంట పైనే.

ఆ పావుగంట నష్టాన్ని పూడ్చేది ఏమిటి? హైవే మీద మిగిలే సమయం ఒకటి. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది నమ్మకం. ఒంటరిగా మామూలు లేన్లలో వెళ్లే మనిషికి ప్రయాణం ఒకరోజు 40 నిమిషాలు పట్టి, మర్నాడు గంటన్నర పడితే, అతను ప్రతిరోజూ గంటన్నర ముందే బయల్దేరాలి. జామ్ లేని రోజున కూడా జామ్‌కు పన్ను కడుతున్నట్టే. వేరు చేసిన లేన్ ఇచ్చే పెద్ద వరం వేగం కాదు, రోజూ ఒకేలా ఉండటం. పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురావాల్సిన తల్లికి ఆ తేడా ఎంతో అడిగి చూడండి.

అందుకే లాట్ ఎక్కడ కట్టాలన్నది ఎంత పెద్దది కట్టాలన్న దానికన్నా ముందు రావాల్సిన ప్రశ్న. జామ్ మొదలయ్యే చోటుకు ముందే, అంటే శివారు వైపు, లాట్ ఉండాలి. జామ్‌లో అరగంట కూర్చుని లాట్ దాకా వచ్చిన డ్రైవరు ఇంకెందుకు ఆగుతాడు? కష్టమంతా పడ్డాక మిగిలింది కాస్త దూరమే అనుకుని ముందుకే పోతాడు. ఇంకో చిత్రం ఏమిటంటే మనుషులు వెనక్కి వెళ్లడానికి ఇష్టపడరు. నగరం ఉత్తరాన ఉంటే, లాట్‌కు దక్షిణంగా 10 మైళ్ల దూరంలో ఉన్నవాళ్లు వస్తారు గానీ, ఉత్తరంగా 2 మైళ్ల దూరంలో ఉన్నవాళ్లు వెనక్కి తిరిగి రారు. ఏ ఇంటి నుంచి ఎవరు వస్తున్నారో మ్యాపు మీద చుక్కలు పెడితే, లాట్ చుట్టూ గుండ్రని వలయం రాదు. నగరం వైపు మూసుకుని, శివార్ల వైపు తెరుచుకున్న పారాబోలా ఆకారం వస్తుంది. రవాణా ప్రణాళికలు వేసేవాళ్లు లాట్‌కు ఎంతమంది వస్తారో అంచనా వేసేది ఆ ఆకారాన్ని బట్టే.

టెక్సాస్‌లో హ్యూస్టన్ ఈ పాఠాన్ని బాగా నేర్చుకుంది. 1979లో అక్కడి 45వ నంబరు ఇంటర్‌స్టేట్ మీద బస్సులకు, వ్యాన్లకు ఎదురు దిశ లేన్ ఇచ్చినప్పటినుంచి, శివార్లలో లాట్లు, వాటి నుంచి నగరానికి నాన్‌స్టాప్ బస్సులు పెంచుకుంటూ వచ్చారు. కేటీ ఫ్రీవే పక్కన అడిక్స్ లాట్ నుంచి బస్సు సిగ్నళ్ల దగ్గర ఆగకుండా, సొంత ర్యాంపు మీదుగా నేరుగా హైవే మధ్య లేన్‌లో దిగుతుంది. మెత్తటి సీట్లు, నిలబడే పని లేదు. కార్ల నగరం అని పేరుపడ్డచోట సూటూబూటూ వేసుకున్న ఉద్యోగులు బస్సెక్కడానికి అదే కారణం.

ఎవరూ రాయని నియమాలు

మళ్లీ వర్జీనియా వరుసల దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉండాలనిపిస్తుంది, ఎందుకంటే ప్రభుత్వం లేన్ మాత్రమే ఇచ్చింది, మిగతాదంతా జనం కట్టుకున్నారు.

ఎక్కినవాళ్లు తమంతట తాము మాట మొదలుపెట్టరు. డ్రైవరు పలకరిస్తే సరే, లేకపోతే మౌనం. రేడియోలో ఏది రావాలో, అద్దం దించాలో వద్దో డ్రైవరు ఇష్టం. తినడం లేదు, పొగతాగడం లేదు. దిగేటప్పుడు ఇద్దరూ ధన్యవాదాలు చెబుతారు. డబ్బు ఇవ్వబోవడం తప్పు, అడగడం ఇంకా పెద్ద తప్పు. వరుసలో ఒక మహిళ ఒంటరిగా మిగిలిపోతుందనుకుంటే, ఆమె ముందున్నవాళ్లు తమ వంతు ఆమెకు ఇస్తారు లేదా ఆగుతారు. చీకటి పార్కింగ్ లాట్‌లో ఒక స్త్రీని ఒంటరిగా వదలకూడదన్న ఆ కట్టుబాటు, నాకు తెలిసి, ఏ ప్రభుత్వ ఉత్తర్వులోనూ లేదు. దాన్ని అక్కడ రోజూ ప్రయాణించేవాళ్లే పెట్టుకున్నారు, వాళ్లే కాపాడుకుంటున్నారు.

అపరిచితుల మధ్య ఇంత నమ్మకం ఎలా నిలిచింది? ఒక కారణం, వాళ్లలో చాలామంది పెంటగాన్‌లోనో ఇతర ప్రభుత్వ శాఖల్లోనో పనిచేసేవాళ్లు. మెడలో గుర్తింపు కార్డు ఉంటుంది. రెండోది, కారులో ఎప్పుడూ ముగ్గురుంటారు. మూడోది, రోజూ అదే వరుస, అవే ముఖాలు. తప్పుగా ప్రవర్తించినవాడికి మర్నాడు చోటు దొరకదు.

మరొక భయం అందరికీ ఉండేదే. మధ్యాహ్నం ఇంటి నుంచి ఫోన్ వస్తే? బిడ్డకు జ్వరమొస్తే? కారు 20 మైళ్ల దూరంలో ఉంది. ఆ భయమే చాలామందిని లాట్ వైపు రానివ్వదు. వాషింగ్టన్ ప్రాంతంలో దీనికి ఒక మంచి మందు కనిపెట్టారు. బస్సులోనో, రైల్లోనో, ఇతరుల కారులోనో క్రమంగా వచ్చే ఉద్యోగులు పేరు నమోదు చేసుకుంటే, అత్యవసరమైనప్పుడు ఏడాదికి 4 సార్ల దాకా ఉచితంగా ఇంటికి చేరుస్తారు. దాన్ని వాడుకోవాల్సిన అవసరం చాలామందికి రాకపోయినా, అది ఉందన్న ధీమాతోనే రోజూ కారు దిగుతారు. పార్కింగ్ కట్టడానికయ్యే ఖర్చుతో పోలిస్తే దీనికయ్యేది చాలా తక్కువ.

2014 డిసెంబరులో ఆ మధ్య లేన్లను ఎక్స్‌ప్రెస్ లేన్లుగా మార్చారు. 2019 నవంబరులో నగరం దగ్గరి ఇంటర్‌స్టేట్ 395 మీదికి, 2023లో దక్షిణాన ఫ్రెడరిక్స్‌బర్గ్ వైపు వాటిని పొడిగించారు. ఇప్పుడు ఒంటరిగా వెళ్లేవాళ్లు కూడా టోల్ కట్టి అందులో వెళ్లవచ్చు. రద్దీని బట్టి టోల్ నిమిషాల మీద మారుతుంది, దానికి పైహద్దు లేదు. జామ్ అంచుకు చేరకుండా ధరతో ఆపడమన్నమాట. ముగ్గురున్న కారుకు మాత్రం ఇప్పటికీ ఉచితమే. దీనివల్ల లేన్ వేగం నిలిచింది, నిజమే. అయితే డబ్బున్నవాడు తోడు లేకుండానే వెళ్లిపోగలిగినప్పుడు, వరుస ముందుకొచ్చే కార్లు కొంతైనా తగ్గే ప్రమాదం ఉంటుంది. వేగానికి మనుషులతో వెల కట్టించిన పాత పద్ధతే నాకు న్యాయంగా కనిపిస్తుంది.

చల్లని ఇంజను, వేడి తారు

ఇంతవరకూ మంచే చెప్పాను. పార్క్ అండ్ రైడ్ వల్ల కాలుష్యం ఎంత తగ్గుతుంది అన్నచోట మాత్రం జాగ్రత్తగా లెక్క వేయాలి.

ఇంటికి 5 మైళ్ల దూరంలో లాట్, అక్కడి నుంచి ఆఫీసు 20 మైళ్లు అనుకుందాం. రోజుకు 50 మైళ్లు తిరగాల్సిన కారు 10 మైళ్లే తిరుగుతుంది. ఇంధనం ఆ మేరకు తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ కూడా. కానీ ఊపిరితిత్తులను దెబ్బతీసే వాయువుల లెక్క వేరు. పెట్రోలు కారు పొగగొట్టంలో ఉండే కెటలిటిక్ కన్వర్టర్ ఆ విషవాయువులను విడగొట్టాలంటే సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. రాత్రంతా చల్లారిన బండి ఉదయం బయల్దేరిన మొదటి ఒకటి రెండు నిమిషాల్లో ఆ వడపోత పనిచేయదు. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లలో పెద్ద వాటా ఆ కాసేపట్లోనే బయటికొచ్చేస్తుంది. లాట్‌కు వెళ్లే చిన్న ప్రయాణంలోనూ ఆ మొదటి నిమిషాలు తప్పవు. సాయంత్రం లాట్‌లో చల్లబడిన కారును తిరిగి తీసేటప్పుడు మళ్లీ అంతే. అంటే మైళ్లు ఐదో వంతుకు తగ్గినా, ఈ వాయువులు అంతగా తగ్గవు. విద్యుత్ కార్లతో ఈ సమస్య పోతుంది. వాటికి లాట్‌లో రోజంతా నెమ్మదిగా చార్జింగ్ పెట్టుకునే వీలూ ఉంది.

ఇంగ్లండ్ నుంచి వచ్చిన హెచ్చరిక ఇంకా బలమైనది. ఆక్స్‌ఫర్డ్ నగరం 1973లోనే రెడ్‌బ్రిడ్జ్ దగ్గర శాశ్వతమైన పార్క్ అండ్ రైడ్ తెరిచింది. ఆ దేశంలో ఇలాంటివి పెరిగాక, గ్రాహమ్ పార్క్‌హర్స్ట్ అనే పరిశోధకుడు 1995లో ఒక సూటి ప్రశ్న వేశాడు: వీటివల్ల కార్ల రద్దీ పెరిగే అవకాశం ఉందా? ఉందనే తేలింది. అంతకుముందు ఇంటి దగ్గరే పల్లె బస్సెక్కి నగరానికి వచ్చిన కొందరు, ఇప్పుడు లాట్ దాకా కారులో రావడం మొదలుపెట్టారు. నగరం లోపల కార్లు తగ్గాయి, బయటి రోడ్ల మీద పెరిగాయి. ప్రయాణికులు తగ్గిన పల్లె బస్సు బలహీనపడితే, కారు లేని ముసలివాళ్లూ విద్యార్థులూ నష్టపోతారు. లాట్ ఎవరిని లాగుతోందన్నది చూడాలి. ఒంటరి కార్లను లాగితే లాభం, బస్సు ప్రయాణికులను లాగితే నష్టం.

నేల సంగతీ ఉంది. కారు నిలిచే చోటు, అది తిరగడానికి దారి కలిపితే ఒక్కో కారుకు సుమారు 30 చదరపు మీటర్లు పోతాయి. 2 వేల కార్లకు దాదాపు 15 ఎకరాలు. ఆ కార్లలో వచ్చినవాళ్లందరినీ ఎక్కించుకోవడానికి 50 సీట్ల బస్సులు 40 పైచిలుకు చాలు. కార్లు రోజంతా ఎండలో నిలబడతాయి. తారు కింద మట్టి ఊపిరాడక పడి ఉంటుంది. వాన కురిస్తే నీరు ఇంకకుండా, చమురు మరకలను, మంచు కరిగించడానికి చల్లిన ఉప్పును కడుక్కుంటూ వాగుల్లో చేరి, పొటోమాక్ నది ద్వారా చెసాపీక్ అఖాతం దాకా వెళ్తుంది. అందుకే కొత్త లాట్ల పక్కన నీటిని ఆపి వడగట్టే గుంటలు తవ్వుతారు. బహుళ అంతస్తుల గ్యారేజీ కడితే నేల మిగులుతుంది గానీ ఒక్కో కారు చోటుకు పదుల వేల డాలర్లు ఖర్చవుతాయి.

ఇంకో మాట నిజాయితీగా చెప్పుకోవాలి. లాట్లు కట్టగానే హైవే ఖాళీ అయిపోతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే వివరించినట్టు, రద్దీ వేళ రోడ్డు మీద కాస్త చోటు దొరికితే, అప్పటిదాకా వేరే దారినో వేరే వేళలోనో వెళ్తున్నవాళ్లు వచ్చి దాన్ని నింపుతారు. మామూలు లేన్ల జామ్ అలాగే ఉంటుంది. మారేది ఒకటే. అదే రోడ్డు మీద అదే గంటలో ఎక్కువమంది మనుషులు వెళ్తారు, జామ్ తప్పించుకునే దారి కారు ఉన్నవాడికీ లేనివాడికీ కూడా దొరుకుతుంది. అది తక్కువ ఫలితం కాదు.

కనీసం ఇంతమంది కావాలి

2020 మార్చిలో కోవిడ్ వల్ల ఆఫీసులు మూతపడ్డాయి. ఉద్యోగులు ఇళ్ల నుంచి పనిచేశారు. వరుసలు మాయమయ్యాయి. ఆఫీసులు వారానికి రెండు మూడు రోజులకు తెరుచుకున్నాక కూడా అవి పూర్వంలా కోలుకోలేకపోయాయి. దీని వెనక లెక్క కఠినమైనది. వరుసకు నిమిషానికో కారు వచ్చినప్పుడు ఎవరూ ఎక్కువసేపు నిలబడరు. పది నిమిషాలకో కారు వస్తే కొందరు విసిగి మానేస్తారు. వరుసలో మనుషులు లేరని డ్రైవర్లు రావడం మానేస్తారు. దాంతో నిరీక్షణ మరింత పెరుగుతుంది. బస్సులకూ ఇదే జబ్బు. ప్రయాణికులు తగ్గితే ట్రిప్పులు తగ్గిస్తారు, ట్రిప్పులు తగ్గితే ప్రయాణికులు తగ్గుతారు. 2025 జనవరిలో ఫెడరల్ ఉద్యోగులు పూర్తికాలం ఆఫీసులకు రావాలన్న ఆదేశం వచ్చాక, వరుసలకు మళ్లీ మనుషులు దొరికే పరిస్థితి ఏర్పడింది.

లాట్ నిండిపోవడం కూడా ఖాళీగా ఉండటమంత ప్రమాదమే. 85 శాతం నిండిందంటే ప్రణాళికలు వేసేవాళ్లు దాన్ని నిండినట్టుగానే చూస్తారు. ఎందుకంటే చోటు కోసం రెండు చుట్లు తిరిగి దొరక్క హైవే ఎక్కిన మనిషి, మర్నాడు లాట్ వైపు చూడడు.

మన హైవే వెంట

హైదరాబాద్ మెట్రో ఎర్ర లైను మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వరకు నడుస్తుంది. ఒక కొస విజయవాడ హైవే నగరంలోకి వచ్చేచోట, మరో కొస అదే హైవే ముంబయి వైపు బయటికి పోయేచోట. ప్రపంచంలో ఎక్కడైనా రవాణా ఇంజనీరును అడిగితే, పార్క్ అండ్ రైడ్‌కు ఇంతకన్నా మంచి చోట్లు ఉండవని చెబుతాడు. పైగా మనవాళ్లలో ఎక్కువమంది వచ్చేది బైకు మీద. ఒక కారు పట్టేచోట అర డజను బైకులు పడతాయి. 15 ఎకరాలు అక్కర్లేదు.

2024లో నాగోల్, మియాపూర్ స్టేషన్ల దగ్గర పార్కింగ్‌కు రుసుము పెడతామనగానే ప్రయాణికులు ఆందోళనకు దిగారు. కొందరికి అది కొద్దిపాటి డబ్బు కోసం గొడవలా కనిపించి ఉండవచ్చు. నాకు అలా కనిపించలేదు. బండి ఆపడానికి ఒక ధర, రైలు టికెట్‌కు ఒక ధర, మారడానికి పట్టే సమయం మూడో ధర. ఈ మూడూ కలిపి పెట్రోలు ఖర్చును దాటితే, ఆ బైకు మర్నాడు నేరుగా అమీర్‌పేట రోడ్డు మీద ఉంటుంది. పార్కింగ్‌కూ టికెట్‌కూ కలిపి ఒకే పాస్ ఇవ్వడం, రోజూ వచ్చేవాళ్లకు ఉచితంగా వదిలి, ప్రయాణం చేయకుండా బండి పెట్టిపోయేవాళ్ల దగ్గరే వసూలు చేయడం కష్టమైన పనులేమీ కావు.

మెట్రో లేని దారుల సంగతి ఇంకా ముఖ్యం. ఔటర్ రింగ్ రోడ్డు దాటి పెరుగుతున్న ఊళ్ల నుంచి, విజయవాడ గుంటూరుల మధ్య, విశాఖ అనకాపల్లిల మధ్య రోజూ వెళ్లివచ్చేవాళ్లకు హైవే పక్కన స్టాండు కట్టి ఇస్తే మాత్రమే సరిపోదు. బండి దిగి ఎక్కిన బస్సు అదే జామ్‌లో చిక్కుకుంటే, సొంత బండి మీద వెళ్లినవాడు ముందు చేరితే, ఆ స్టాండు ఆరు నెలల్లో లారీల ఆపుడు చోటవుతుంది. రద్దీ వేళల్లోనైనా బస్సుకు ఒక లేన్, పది నిమిషాలకు మించని నిరీక్షణ, రాత్రి పూట వెలుతురు, కాపలా, మహిళలు భయం లేకుండా నిలబడగలిగే చోటు ముందు కావాలి.

మీ ఊరి దగ్గర హైవే పక్కన పార్కింగ్ కడతామని ఎవరైనా ప్రకటిస్తే, ఎన్ని కార్లు పడతాయని అడగకండి. ఉదయం 8 గంటలకు అక్కడి నుంచి బయల్దేరే బస్సు ఏ లేన్‌లో వెళ్తుందో, పక్కన వెళ్లే కారు కన్నా ఎన్ని నిమిషాలు ముందు చేరుతుందో అడగండి. ఆ రెండింటికీ రాతపూర్వకంగా జవాబు ఇచ్చాకే తారు పోయమనండి.